రంగు పోయింది, విషం పోలేదు



మొన్నటి మన సంఘం సభలో ఒక చర్చ వచ్చింది. డైయింగ్ షెడ్ల నుంచి నాలాలోకి పోయే రంగునీళ్ళ మీద తీర్మానం చేద్దామని నేను లేచి అడిగాను. ముప్పై ఏళ్ళుగా జెండా మోసిన ఒక పెద్దన్న వెంటనే అడ్డం పడ్డాడు. "సంఘం పని జీతం, బోనసు, పీఎఫ్. చేపలూ నాలాలూ మన పని కాదు. నీళ్ళ మాట ఎత్తితే సర్కారు సీలు వేస్తుంది, సేఠ్ తాళం వేస్తాడు, రోడ్డున పడేది మనమే" అన్నాడు. సగం సభ చప్పట్లు కొట్టింది. తీర్మానం వాయిదా పడింది.

ఆ అన్న మీద నాకు గౌరవం ఉంది. ఆయన భయం ఉత్తుత్తి భయం కాదు. అయినా ఆయన మాట తప్పు. ఎందుకు తప్పో మన బులెటిన్‌లోనే, మన మధ్యనే తేల్చుకోవాలి. ఎందుకంటే ఆ మాట మన అన్న నోట వచ్చినా, పుట్టింది మాత్రం సేఠ్ ఆఫీసులో.

వ్యాట్ తొట్టి చెప్పే పాఠం

వ్యాట్ రంగు అద్దేవాళ్ళకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కర లేదు. తొట్టిలో కాస్టిక్, హైడ్రోస్ పడగానే రంగు తన అసలు రూపం వదిలేస్తుంది. నీలం నీలంగా ఉండదు. దాన్ని మన డైయింగ్ మాస్టర్లు 'ల్యూకో' అంటారు. చిలప బయటికి తీసి గాలి తగలనిస్తే మళ్ళీ నీలం తేలుతుంది. తొట్టిలో నీలం కనబడలేదు కాబట్టి రంగే లేదని మనలో ఎవడైనా అంటాడా? అంటే వాణ్ణి మర్నాడు షెడ్డులోకి రానివ్వరు.

ఇప్పుడు ఈ పాఠాన్నే చేపల చెరువు దగ్గరికి తీసుకుపోదాం. మాలకైట్ గ్రీన్ అని ఒక పచ్చరంగు ఉంది. రంగుల పట్టీలో దాని పేరు సి.ఐ. బేసిక్ గ్రీన్ 4. ఆ పేరుతో ఉన్న పచ్చరాయికీ దీనికీ రంగులో పోలికే తప్ప వేరే సంబంధం లేదు. పట్టు, ఉన్ని, జనపనార, తోలు, కాగితం అద్దడానికి పుట్టిన రంగు ఇది. మన నూలు తువ్వాళ్ళకూ చద్దర్లకూ ఇది పెద్దగా పనికిరాదు. కానీ 1930ల నుంచి ప్రపంచమంతటా చేపల పెంపకంలో వాడారు. చేప గుడ్లకూ చేప ఒంటికీ బూజు పడితే, పరాన్నజీవులు పట్టుకుంటే, నీళ్ళలో కొద్దిగా ఈ రంగు కలిపితే చాలు. బూజు పోతుంది. ఖర్చు తక్కువ. అక్వేరియం చేపల మందుగా ఇప్పటికీ సీసాల్లో అమ్ముతారు.

చేప ఒంట్లోకి పోయాక ఈ రంగు ఏమవుతుంది? అచ్చం మన తొట్టిలో జరిగినట్టే ల్యూకో అవుతుంది. పచ్చదనం పోతుంది. రంగులేని రూపం పోయి చేప కొవ్వులో కూర్చుంటుంది. పచ్చరంగు కొద్ది రోజుల్లో తగ్గిపోయినా ఈ ల్యూకో రూపం నెలల తరబడి ఉంటుంది. కంటికి కనబడదు, ముక్కుకు వాసన తెలియదు, కూర ఉడికినంత మాత్రాన పోదు. మొప్పలు ఎత్తి చూసి, వేలితో నొక్కి చూసి చేపలు కొనే మన ఆడవాళ్ళ తెలివి కూడా దీని ముందు పనిచేయదు.

ఆ ల్యూకో రూపాన్ని మేపిన ఆడ చిట్టెలుకలకు కాలేయంలో కణుతులు లేచాయని అమెరికా ప్రభుత్వ సంస్థ 2005లో తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉండే కాన్సర్ పరిశోధన సంస్థ 2022లో వెలువరించిన గ్రంథంలో, మనిషికి కాన్సర్ తెచ్చే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో దీన్ని చేర్చింది. ఒక్క ముక్క తింటే రోగం వస్తుందని దీని అర్థం కాదు. అలా అని ఎవరినీ బెదిరించనక్కర లేదు. తిండిలో ఇది అసలు ఉండకూడదు, అంతే. ఇందులో రెండో మాట లేదు.

పరీక్ష ఎవరి పళ్ళెంలో చేపకు?

ఉండకూడదని చాలా దేశాలు ఎప్పుడో చట్టం చేశాయి. తినే చేపల పెంపకంలో ఈ రంగును బ్రిటన్, చైనా 2002లో నిషేధించాయి. 2004 నుంచి యూరప్ ప్రయోగశాలలు కిలో చేపలో 2 మైక్రోగ్రాముల రంగునైనా పట్టుకుని తీరాలని నియమం పెట్టారు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. 2022 నవంబర్ నుంచి ఆ హద్దును అర మైక్రోగ్రాముకు దించారు. 2007 జూన్‌లో అమెరికా చైనా నుంచి వచ్చే పెంపకపు రొయ్యలు, క్యాట్‌ఫిష్, ఈల్ చేపలను ఓడరేవులోనే ఆపింది. ఆపడానికి చెప్పిన కారణాల్లో ఈ పచ్చరంగు ఒకటి.

మంచిదే. తినేవాడి ప్రాణం విలువైనది. కానీ ఒక ప్రశ్న. యూరప్ పోయే పెట్టెలోని చేపకు ప్రయోగశాల ఉంది, యంత్రం ఉంది, సర్టిఫికెట్ ఉంది. మన బస్తీ సంతకు వచ్చే చేపకు ఏముంది? ఐసు ముక్క ఉంది! తిండి పదార్థాల్లో మాలకైట్ గ్రీన్‌కు మన చట్టమూ అనుమతి ఇవ్వదు. అనుమతి ఉన్న కృత్రిమ రంగుల పట్టీలో దాని పేరు లేదు. అయినా మన సంతలో ఆదివారం పొద్దున బొచ్చె, రవ్వ గుట్టలుగా పోసి అమ్ముతుంటే, నమూనా తీసుకుపోయి పరీక్ష చేసి, ఫలితాన్ని సంత గోడమీద అంటించిన అధికారిని మీలో ఎవరైనా చూశారా? నేనైతే చూడలేదు.

తెల్లదొర పళ్ళేనికి అర మైక్రోగ్రాము లెక్క. బీడీలు చుట్టే తల్లి పళ్ళేనికి లెక్కే లేదు. ఒకే చట్టం, ఒకే రంగు, ఒకే చేప. తేడా అల్లా తినేవాడి జేబులో ఉంది.

చెరువు కౌలుదారును తిట్టి లాభం లేదు

ఇక్కడ కొందరు చేపల రైతు మీద విరుచుకుపడతారు. డబ్బాశకు విషం పోస్తున్నాడంటారు. పోసినవాడిది తప్పు కాదని నేను అనను. కానీ చెరువు ఎవరిదో, అప్పు ఎవరిదో కూడా చూడాలి. చెరువు కౌలుకు తీసుకుంటాడు. పిల్ల, మేత అప్పు మీద తెస్తాడు. ఆ అప్పు ఇచ్చినవాడే రేపు చేప కొనే వ్యాపారి. బూజు పడి చేప తేలిపోతుంటే పక్కన పశువైద్యుడు ఉండడు. దుకాణంవాడే డాక్టరు. "ఇది చల్లు, రెండు రోజుల్లో సర్దుకుంటుంది" అంటాడు. చల్లకపోతే పంట పోతుంది, చల్లితే తినేవాడికి చేటు. ఈ ఇరకాటం మనకు తెలియనిదా? కుడితిలో పడ్డ ఎలుక పరిస్థితి మన షెడ్డులో హెల్పరుకూ అదే, చెరువు గట్టు మీద కౌలుదారుకూ అదే. పుండు ఒకటే అయినప్పుడు ఒకరి పుండు ఒకరు గెలుక్కోవడం ఎవరికి లాభం?

నాలా దారిన వచ్చేది

"చెరువులో రంగు చల్లేది వాళ్ళు, మనం కాదు కదా" అనేవాళ్ళకు ఇంకో సంగతి. 2008లో జర్మనీ శాస్త్రజ్ఞులు ఒక పరిశోధన అచ్చువేశారు. బెర్లిన్ నగరపు మురుగునీటి శుద్ధి ప్లాంట్లకు దిగువన పట్టిన ఈల్ చేపల్లో ఈ మాలకైట్ గ్రీన్ అవశేషాలు దొరికాయి. అవి పెంచిన చేపలు కావు. వాటికి ఎవరూ మందు వేయలేదు. శుద్ధి ప్లాంటు దాటి వచ్చిన నీళ్ళే వాటికి రంగు మోసుకొచ్చాయి. పట్టణం మొత్తానికి శుద్ధి ప్లాంట్లున్న బెర్లిన్‌లోనే అలా ఉంటే, మన నాలాల గురించి వేరే చెప్పాలా?

మన షెడ్లలో వాడే సరుకు సంగతి చూద్దాం. నూలుకు వాడే రియాక్టివ్ రంగు మొత్తం నూలుకు పట్టదు. రంగును బట్టి, పద్ధతిని బట్టి పదింట ఒక వంతు నుంచి నాలుగు వంతుల దాకా కడుగు నీళ్ళలో పోతుంది. దానితోపాటు బస్తాల కొద్దీ ఉప్పు, సోడా యాష్ పోతాయి. సైజింగ్‌లో పెట్టిన గంజి కడిగేటప్పుడు అదీ నాలాకే. గంజి తిండిపదార్థమే కదా అనుకుంటాం. ఆ గంజిని తినే సూక్ష్మజీవులు నీళ్ళలోని ప్రాణవాయువును లాగేస్తాయి. పైన తేలిన రంగు ఎండను లోపలికి పోనివ్వదు, నాచు కొత్తగా ప్రాణవాయువు చేయలేదు. అప్పుడు చేప నీటి పైకొచ్చి నోరు తెరుస్తుంది. ఆ తర్వాత వెల్లకిలా తేలుతుంది.

ఆజో రంగులది మరీ మోసం. నాలా అడుగు బురదలో గాలి తగలని చోట బ్యాక్టీరియా ఆ రంగును మధ్యకు విరుస్తుంది. రంగు పోతుంది, నీళ్ళు తేటపడతాయి. సేఠ్ సంతోషిస్తాడు. ఇన్‌స్పెక్టరూ సంతోషిస్తాడు. కానీ విరిగిన ముక్కలు అమీన్లు. వాటికి రంగు ఉండదు. కొన్ని రంగుల నుంచి విరిగిపడే బెంజిడీన్ మనిషికి కాన్సర్ తెస్తుందని రుజువైన పదార్థం. ఎర్రగా ఉన్నప్పటికంటే తేటగా ఉన్నప్పుడే ఆ నీళ్ళను ఎక్కువ అనుమానించాలి! అధికారి వస్తున్నాడని తెలిసి తొట్టిలో బ్లీచింగ్ పోసి రంగు చంపడం, బోరు నీళ్ళు కలిపి పలచన చేయడం మనం చూడని పనులా? రంగు పోగొట్టడానికీ విషం పోగొట్టడానికీ మధ్య ఉన్న తేడా మనకు తెలుసు. ఎందుకంటే ఆ బ్లీచింగ్ పోసే చేతులు మనవే.

వాల్వు తిప్పిన చేయి

ఇతరులను అనే ముందు నా సంగతి చెప్పుకోవాలి. నేను హెల్పరుగా ఒక డైయింగ్ షెడ్డులో చేరినప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. వాన పడ్డ రాత్రి సేఠ్‌కు పండగ. ముకద్దం వచ్చి "తమ్మీ, వాల్వు తియ్" అనేవాడు. గోడవెనక ఇనుప చక్రం ఉండేది. పది చుట్లు తిప్పితే వారం రోజుల నీళ్ళు వాననీళ్ళతో కలిసి నాలాలో పడేవి. తిప్పినందుకు చాయ్‌కి పైసలు ఇచ్చేవాళ్ళు.

ఒక తెల్లవారుజామున షిఫ్టు దిగి నాలా పక్క నుంచి ఇంటికి పోతున్నాను. కింద మడుగులో చేపలు తెల్ల పొట్టలు చూపిస్తూ తేలి ఉన్నాయి. మన బస్తీ పిల్లలే, ముగ్గురో నలుగురో, మోకాలి లోతు దిగి వాటిని గోనెసంచిలో వేసుకుంటున్నారు. ఒకడు నన్ను చూసి "అన్నా, ఇయ్యాల చేపలు ఫుకట్!" అని అరిచాడు. ఆ సంచి ఇంటికే పోయిందో, సంతకే పోయిందో నాకు తెలియదు. పారేయండిరా అని చెప్పవలసింది. చెప్తే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్తే వాల్వు ఎవరు తిప్పారని అడుగుతారు. తల వంచుకుని ఇంటికి పోయాను.

అందుకే పెద్దన్నకు చెప్తున్నాను. చేపలూ నాలాలూ మన పని కాదంటే ఎలా? రాత్రిపూట ఆ పని చేయించేది మన చేతే కదా!

తిరుప్పూరు చెప్పే నిజం

"నీళ్ళ మాట ఎత్తితే మూతపడుతుంది" అనే అన్న భయానికి తిరుప్పూరే సాక్ష్యం. కాబట్టి తిరుప్పూరునే పూర్తిగా చూద్దాం. సగం చూసి భయపడితే లాభం లేదు.

నొయ్యల్ నది తిరుప్పూరు మీదుగా పోయి కావేరిలో కలుస్తుంది. బనియన్ల ఎగుమతి పెరిగింది, డైయింగు, బ్లీచింగు యూనిట్లు వందల్లో లేచాయి. నీళ్ళన్నీ నొయ్యల్‌లోకి వదిలారు. 1992లో దిగువన ఒరత్తుపాళయం దగ్గర సాగునీటి కోసం డ్యాము కట్టారు. పొలాలకు నీళ్ళిచ్చే డ్యాము కాస్తా రంగునీళ్ళ తొట్టి అయింది. చివరికి రైతులే "తలుపులు ఎత్తొద్దు, ఆ నీళ్ళు మా పొలాలకు వద్దు" అని మొత్తుకున్నారు. నీళ్ళ కోసం కొట్లాడే రైతు నీళ్ళు వద్దని కొట్లాడవలసి వచ్చింది. ఇంతకంటే దౌర్భాగ్యం ఉంటుందా?

రైతులు కోర్టుకు ఎక్కారు. చుక్క నీరు కూడా బయటికి వదలకూడదని మద్రాసు హైకోర్టు 2006 డిసెంబర్‌లో చెప్పింది. యజమానుల సంఘాలు ఢిల్లీ దాకా పోయాయి. పాడుచేసినవాడే మూల్యం కట్టాలని 2009 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా గడువు మీద గడువు అడిగారు. రాత్రుళ్ళు వదులుతూనే పోయారు. చివరికి 2011 జనవరి 28న హైకోర్టు తిరుప్పూరులోని డైయింగు, బ్లీచింగు యూనిట్లన్నిటినీ మూయమంది. ఏడు వందలకు పైగా యూనిట్లకు కరెంటు తీశారు. వేలాది కార్మికులు సంచి సర్దుకుని ఊళ్ళకు పోయారు.

ఇప్పుడు లెక్క చూడండి. 2006లో తీర్పు వచ్చింది, 2011లో మూత పడింది. మధ్యలో నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళలో ఎగుమతి ఆగలేదు, లాభం ఆగలేదు. మూత వేయించింది రైతు కాదు, కార్మికుడూ కాదు. గడువు ఉండగా ప్లాంటు సరిగా కట్టకుండా, కట్టినది సరిగా నడపకుండా లాభం లెక్క పెట్టుకున్నవాళ్ళు వేయించారు. జీతం పోయింది మాత్రం మనవాళ్ళది.

ఆ తర్వాత? అసాధ్యమన్న పనే సాధ్యమైంది. ప్రభుత్వం ఉమ్మడి ప్లాంట్లకు వడ్డీలేని అప్పుగా 200 కోట్ల రూపాయలు ఇచ్చింది. నీళ్ళను వడకట్టి తిరిగి వాడడం, ఉప్పునీళ్ళను మళ్ళీ అద్దకానికే వాడడం మొదలైంది. యూనిట్లు ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి. తిరుప్పూరు ఈనాటికీ బనియన్లు ఎగుమతి చేస్తోంది. అంటే నీళ్ళు శుద్ధి చేస్తే పరిశ్రమ చావదు. అయితే నన్నడిగితే అక్కడ అందరికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇది: యజమానికి వడ్డీలేని అప్పు దొరికింది, మరి మూత పడ్డ నెలలకు కార్మికుడికి ఏం దొరికింది?

"నీళ్ళు కావాలా, కూలి కావాలా?" అని సేఠ్ అడుగుతాడు. ఆ ప్రశ్నే దొంగ ప్రశ్న. శుద్ధి ప్లాంటు ఖర్చు తన లాభంలోంచి పోకూడదు కాబట్టి మన కూలిని అడ్డం పెట్టాడు. రైతును, చేపలవాణ్ణి ఒక వైపు, మనల్ని ఒక వైపు నిలబెట్టి తను మధ్యలోంచి జారుకుంటాడు. తగవు తీర్చడానికి వచ్చిన కోతి రొట్టె మొత్తం తిన్న కథ ఇదే.

ముందు పడేది మన శరీరం మీదే

నాలాకు పోయే ముందు ఆ రంగు ఎక్కడ ఉంటుంది? మన చేతుల మీద, మన గోళ్ళ సందుల్లో, మన ఊపిరితిత్తుల్లో. 1895లోనే ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో లుడ్విగ్ రెన్ అనే సర్జన్ రంగుల ఫ్యాక్టరీ కార్మికుల్లో మూత్రాశయ కాన్సర్ కనిపెట్టి చెప్పాడు. ఆ మాటకు నూట ముప్పై ఏళ్ళు నిండాయి. బెంజిడీన్ రంగులు ఎప్పుడు నిషేధానికి వచ్చాయి? మన దేశంలో 42 బెంజిడీన్ రంగులు, ఆ మీద 1997లో మరో 70 ఆజో రంగులు, మొత్తం 112 రంగులు నిషేధమయ్యాయి. ఆ రెండో జాబితాకు ముందు జరిగిందేమిటి? 1994లో జర్మనీ అలాంటి రంగులున్న బట్ట మాకు వద్దంది. బట్ట తొడుక్కునేవాడి చర్మం కోసం చట్టం కదిలింది. ఆ బట్టను మోచేతుల దాకా రంగులో ముంచి తీసినవాడి చర్మం అంతకు ముందు ఎన్నేళ్ళు నానిందో ఎవరూ లెక్క పెట్టలేదు.

చేపకైనా, బట్టకైనా ఒకటే న్యాయం చూడండి. కొనేవాడి గడప దగ్గర పరీక్ష, చేసేవాడి గడప దగ్గర చీకటి.

గుంటల సంగతి ఇంకా ఘోరం. 2014 మార్చిలో తమిళనాడులోని పెరుందురై సిప్‌కాట్‌లో ఒక డైయింగ్ యూనిట్ తొట్టిలో ఊపిరాడక ఏడుగురు కార్మికులు చనిపోయారు. 2022 జనవరి 6న సూరత్ సచిన్ పారిశ్రామికవాడలో ఒక ట్యాంకరు నుంచి రసాయనాన్ని దొంగతనంగా నాలాలో పారబోస్తుంటే విషవాయువు లేచి, పక్క మిల్లులో పనిచేస్తున్నవాళ్ళు ఆరుగురు ప్రాణాలు విడిచారు. సూరత్‌లో మన తెలుగు పద్మశాలీలు ఎన్ని వేల కుటుంబాలో మీకు తెలుసు. సల్ఫర్ రంగుల నీళ్ళకు ఆసిడ్ తగిలితే కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది. ఆ వాయువు ఎక్కువైతే ముక్కు వాసన పట్టడమే మానేస్తుంది. వాసన పోయింది కదా అని గుంటలో దిగినవాడు పైకి రాడు. వాణ్ణి లాగడానికి దిగిన రెండోవాడూ రాడు. ఇక్కడా అదే మాట: కనబడనిది లేనట్టు కాదు.

మరి ఆ గుంటల్లో దిగేది ఎవరు? హాజరు బుక్కులో పేరు లేని ఠేకేదారు మనిషి, బాదలీ కార్మికుడు. ఈఎస్ఐ కార్డు ఉండదు. ఉన్నా దాని మీద 'హెల్పర్' అని ఉంటుంది, ఏ రంగు దగ్గర పనిచేశాడో ఉండదు. చర్మం లేచిపోతే 'అలర్జీ' అని రాసి గొట్టం మందు ఇస్తారు. ఇరవై ఏళ్ళ తర్వాత మూత్రంలో రక్తం పడితే ఏ సేఠ్ దగ్గర, ఏ రంగు వల్ల అని రుజువు చేయడానికి ఒక్క కాగితం ఉండదు. కార్మికుణ్ణి కూడా ల్యూకో చేశారు. మనిషి ఉన్నాడు, రికార్డులో కనబడడు.

2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్లు అమల్లోకి వచ్చాయి. పాత ఫ్యాక్టరీల చట్టంలో కరెంటు వాడే చోట పదిమంది ఉంటే ఫ్యాక్టరీ. కొత్త కోడ్‌లో ఇరవై మంది కావాలి. మన గల్లీల్లో పన్నెండు మంది, పదిహేను మంది పనిచేసే డైయింగ్ షెడ్లు ఎన్ని ఉన్నాయో లెక్క వేసుకోండి. విషం పాలు తగ్గలేదు, చట్టం వల కన్ను పెద్దదైంది. చిన్న చేపలన్నీ బయటికి జారిపోయాయి!

ఇక మనం అడగవలసినవి

ఉత్త ఆవేశంతో పని జరగదు. వాయిదా పడ్డ తీర్మానంలో ఈ డిమాండ్లు పెట్టాలని నా ప్రతిపాదన.

1. షెడ్డుకు వచ్చే ప్రతి రంగు డబ్బా పేరు, దాని సి.ఐ. నంబరు, దాని వల్ల వచ్చే హాని తెలుగులో, మరాఠీలో గోడ మీద రాయాలి. 112 నిషేధపు రంగుల పట్టీ దాని పక్కనే అంటించాలి. పేరు లేని డబ్బా మనం విప్పం.

2. రంగు దగ్గర పనిచేసే ప్రతి ఒక్కరికీ, ఠేకేదారు మనుషులతో సహా, ఏడాదికోసారి చర్మం, మూత్రం పరీక్ష చేయించాలి. ఏ విభాగంలో ఎన్నేళ్ళు చేశాడో ఈఎస్ఐ కాగితంలో రాయాలి. పరీక్ష నకలు కార్మికుడి చేతికి ఇవ్వాలి.

3. వాయువు పరీక్ష, గాలి పంపు, నడుముకు తాడు, పైన కాపలా మనిషి లేకుండా ఎవరినీ గుంటలోకి దించకూడదు. దిగనన్నవాణ్ణి పనిలోంచి తీయకూడదు.

4. వాల్వు తిప్పమని నోటి హుకుం చెల్లదు. కాగితం మీద సంతకం పెట్టి ఇవ్వాలి. ఇవ్వలేని హుకుం మనం పాటించం.

5. చిన్న షెడ్లకు ప్రభుత్వం ఉమ్మడి శుద్ధి ప్లాంటు కట్టాలి. నడిపే ఖర్చు యజమానులూ, చౌక సరుకు కోసం బేరమాడే పెద్ద కొనుగోలుదార్లూ భరించాలి. తనిఖీ వల్ల మూత పడితే మూత పడ్డ ప్రతి రోజుకూ జీతం యజమానే ఇవ్వాలి.

6. పనివాళ్ళ సంఖ్యతో నిమిత్తం లేకుండా డైయింగ్ షెడ్లను ప్రమాదకర పనులుగా ప్రకటించి భద్రతా కోడ్ కిందికి తేవాలి.

7. ఎగుమతి చేపకు చేసే పరీక్షే మన సంతలో చేపకూ చేయాలి. ఫలితాలు బయటపెట్టాలి. చెరువుల మందుగా ఈ రంగు అమ్మే దుకాణాలను పట్టుకోవాలి. చెరువు కౌలుదారుకు ప్రభుత్వ వైద్యుణ్ణి, అనుమతి ఉన్న మందును అందుబాటులో పెట్టాలి.

ఇందులో నాలుగోది అన్నిటికంటే కష్టం. అది ఇతరులను అడిగే డిమాండు కాదు, మన మీద మనం పెట్టుకునే కట్టడి. ఒక్కడే చక్రం తిప్పనంటే వాణ్ణి తెల్లారేసరికి పంపేస్తారు. షెడ్డంతా తిప్పనంటే పంపలేరు. అందుకే ఇది సంఘం పని. ప్రతి షెడ్డు నుంచి ఇద్దరు మనుషులు కావాలి. ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ తేదీన, ఏ గంటకు, ఎవరి మాట మీద వాల్వు తీశారో రాయండి. వచ్చిన రంగు డబ్బాల పేర్లు రాయండి. పుళ్ళు పడినవాళ్ళ పేర్లు రాయండి. రాసి ఉంచితే మనం రికార్డుకు ఎక్కుతాం. ఆ కాగితమే గాలి తగిలిన చిలపలాంటిది, దాచిన రంగును బయటికి తెస్తుంది.

పెద్దన్నా, నీ భయం నాకూ ఉంది. నాకూ ఇంటి అద్దె ఉంది, నాకూ పిల్లల ఫీజులు ఉన్నాయి. కానీ తిరుప్పూరులో రైతులు కోర్టు మెట్లెక్కిన రోజే కార్మికుడు వాళ్ళ పక్కన నిలబడి, "నీళ్ళు శుద్ధి చేయండి, మా జీతం ఆపకండి" అని రెండు మాటలూ ఒక్క గొంతుతో అని ఉంటే, మూత పడ్డ రోజున మన జీతం ఎక్కడని అడిగే దిక్కు ఒకటి ఉండేది. మనం మాట్లాడకపోతే మూత ఆగదు. మన మాట లేకుండా మూత పడుతుంది, అంతే తేడా.

వచ్చే సభలో ఈ తీర్మానం మళ్ళీ పెడతాను. చప్పట్లు కొట్టే ముందు అందరూ ఒక్కసారి మీ గోళ్ళు చూసుకుని రండి. వాటి మీది రంగు సబ్బుతో పోతుందని సేఠ్ అంటాడు. రంగు పోతుంది నిజమే.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!